మూత మీద రాసిన నూరు

పదకొండో తరగతి కెమిస్ట్రీ యూనిట్ టెస్టులో నాకు ఇరవై ఐదుకు నాలుగు మార్కులు వచ్చిన రోజు సాయంత్రం మా నాయన ఒక సూట్‌కేసు కొనుక్కొచ్చాడు. ముదురు నీలం, నాలుగు చక్రాలు, మూడంకెల తాళం. వేరే ఇళ్ళలో అయితే అరుస్తారు, లేదంటే ట్యూషన్ పెట్టిస్తారు. మా నాయన ఇక్కడ కువైట్‌లో, అబ్బాసియాలోని ఒక కార్గో ఆఫీసులో పనిచేస్తాడు. ఏ సమస్య వచ్చినా ముందు దాన్ని ప్యాక్ చేయొచ్చా అని చూస్తాడు.

సూట్‌కేసును హాలు మధ్యలో నిలబెట్టి, దాని పక్కన తాను నిలబడ్డాడు. "ఇంక నా వల్ల కాదు పాపా. వచ్చే ఆదివారం మళ్ళీ పరీక్ష పెడతారంట గదా. దాంట్లో గన పోయిందంటే కడపలో హాస్టల్ కాలేజీ. మాట్లాడేసినా. పొద్దున అయిదుకే లేపుతారంట. ఫోను ఉండదంట. వారానికి కోడిగుడ్డు ఒక్కటేనంట."

"హాస్టల్ మొత్తానికా, మనిషికా?" అని అడిగాను.

ఆయన మా అమ్మ వైపు తిరిగి, "చూసినావా, నవ్వులాటగా ఉండాది," అన్నాడు. అమ్మ తలెత్తలేదు. మా హాల్లో సోఫాకూ టీవీకీ మధ్య ఉన్న జాగా అంతా అమ్మ మగ్గానిదే. చెక్క చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి, దాని ముందు కూర్చుని పొద్దంతా పూసలు, ముత్యాలు కుడుతుంది. మా ఇంట్లో టీవీ చూడాలంటే ఎవరిదో ఒకరి పెళ్ళి జాకెట్టు మీదుగా చూడాలి.

స్కూల్లో సార్ చెప్పింది ఇంత ఘోరంగా లేదు. రీటెస్టులో కనీసం పది రాకపోతే సైన్సు వదిలి కామర్స్‌లోకి మారమన్నారు, అంతే. కామర్స్ పక్క గదే. కడపే విమానం ఎక్కి వెళ్ళాల్సిన చోటు. పుట్టినప్పట్నుంచీ నేను పడుకుంది ఆ మగ్గానికి నాలుగడుగుల దూరంలో. హాస్టల్లో మగ్గం ఉండదు కదా, అక్కడ నిద్ర ఎట్లా పడుతుంది అని అనుకున్నాను. నాకు ఏడుపేమీ రాలేదు. ఏసీ గాలి నేరుగా కళ్ళలోకి కొట్టింది.

నాకు అర్థం కానిది ఒకటే, మోల్. అణువు అంటే తెలుసు. రెండు హైడ్రోజన్ పరమాణువులూ ఒక ఆక్సిజన్ పరమాణువూ అతుక్కుంటే అది నీటి అణువు. బొమ్మ కూడా బాగుంటుంది, పెద్ద తలకు రెండు చెవుల్లాగా. కానీ మోల్ దగ్గరికి వచ్చేసరికి మా సార్, చాలా మెల్లగా మాట్లాడే కేరళ మనిషి, బోర్డు మీద ఆరు పక్కన సున్నాలు పెట్టడం మొదలుపెట్టారు. ఇరవై మూడు సున్నాలు. అసలు సంఖ్య ఆరు కంటే రవ్వంత ఎక్కువ, ఆ రవ్వంత కూడా ముఖ్యమే అన్నారు. డజను అంటే పన్నెండు అయినట్టే మోల్ అంటే ఇన్ని, అంతే అన్నారు. డజను అరటిపళ్ళు నేను మోశాను. ఇన్ని సున్నాల వస్తువుల్ని ఎవరు లెక్కపెట్టారు? లెక్కపెట్టలేని దానికి మళ్ళీ పేరెందుకు? ఈ ప్రశ్న క్లాసులో అడిగితే బాగుండేది. నేను వెనక బెంచీలో వాళ్ళను నవ్వించే పనిలో ఉన్నాను.

టెస్టులో ఐదు మార్కుల ప్రశ్న: నాలుగు గ్రాముల హైడ్రోజన్‌నూ నాలుగు గ్రాముల ఆక్సిజన్‌నూ కలిపి మండిస్తే ఎన్ని గ్రాముల నీరు వస్తుంది? ఎనిమిది అని రాశాను. నాలుగూ నాలుగూ ఎనిమిది. సమానంగా ఇచ్చారు, సమానంగా కలుస్తాయి. ఇందులో సైన్సు ఏముందని కొంచెం జాలి కూడా పడ్డాను. సార్ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన "మోల్స్?" అని రాశారు. ఆ ప్రశ్నార్థకం నా అక్షరాల కంటే పెద్దదిగా ఉంది.

ఇందులో నా తప్పు ఎంతో, మా ఇంటి తప్పు అంతే. మా ఇంట్లో సమానం అంటే కిలోలు. రెండేళ్ళకోసారి ఊరికి కార్గో పంపేటప్పుడు నాయన తన తల్లి, మా జేజికో పెట్టె, అమ్మ తల్లి, మా అవ్వకో పెట్టె కడతాడు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అన్న మాట రాకూడదని రెండింటినీ ఆఫీసు కాటా మీద పెట్టి చెరి పదిహేను కిలోలకు సరిచేస్తాడు. ఒక ఏడాది జేజి పెట్టెలో రెండు మందపాటి దుప్పట్లు, ఒక ఇస్త్రీపెట్టె పట్టాయి. మా అవ్వ పెట్టె నిండా సబ్బులు. నూట ఇరవై సబ్బులు. జేజి ఫోన్ చేసి, "ఆమెకు నూటిరవై, నాకు మూడా?" అని అడిగింది. "బరువు ఒకటే గదమ్మా!" అని నాయన గొంతు చించుకున్నాడు. అవ్వ ఇప్పటికీ వాకిట్లోకి వచ్చినవాళ్ళకు సబ్బు ఇచ్చి పంపుతోంది. ఆ కథకు ఇన్నేళ్ళు నవ్వుకున్నానే గానీ, అదే కథను పరీక్ష పేపర్లో రాసి వచ్చానని నాకు తెలియలేదు.

ఆ వారం అమ్మ ఒక అత్త జాకెట్టు మీద పని చేస్తోంది. అత్త అంటే చుట్టం కాదు. రాయచోటి పక్కన మాదీ ఆమెదీ ఒకే మండలం, కువైట్‌లో ఒకే మండలం అంటే రక్తసంబంధమే. ఫింటాస్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. చెల్లెలి కూతురి పెళ్ళికి శనివారం ఊరికి పోతోంది. "పెండ్లి దానిది, మగ్గం జాకెట్టు మాత్రం నాది," అని ముందే చెప్పింది. నలభై ఏళ్ళలో మొదటి మగ్గం జాకెట్టు. మూడు వందల పూలు కావాలంది. ఒక్కో పూవుకు నడుమ ఒక ముత్యం, చుట్టూ ఎనిమిది చిన్న పూసలు. ఆ చిన్నవాటిని షుగర్ పూసలంటారు, చక్కెర పలుకుల్లా ఉంటాయి. ఆమె కోరింది దానిమ్మ గింజ రంగు.

బుధవారం అమ్మ మెడ చుట్టూ జరీ కుడుతూ, లేవడానికి వీల్లేక నన్ను పిలిచింది. "పాపా, నాయనతో ఫర్వానియా పోయి ముత్యాలు, పూసలు పట్టుకురాపో. మూడునూర్ల పూలకు. డబ్బా మూత మీద రాసుండాది, చూసి పో."

నేను మూత చూడలేదు. రీటెస్టు బాధలో ఉన్నదాన్ని అని చెప్పుకోవచ్చు, కానీ నిజానికి చెప్పులు వేసేసుకున్నాను, మళ్ళీ విప్పడం ఎందుకని. పూసల అంగట్లో హైదరాబాదు భాయ్ ఎన్ని గ్రాములని అడిగాడు. నేను నాయన వైపు చూశాను. ఆయన క్షణం కూడా ఆలోచించలేదు.

"పూవుకు రెండూ కావాల గదా. సమానంగా తీసుకో. ఇదో ఇరవై, అదో ఇరవై. యల్లా, పద పద, బండి అడ్డంగా పెట్టి వచ్చినా."

శుక్రవారం పొద్దున నాయనకు సెలవు, ఇక్కడ ఆదివారమే మామూలు పనిరోజు. సోఫాలో కూర్చుని సూట్‌కేసు సర్దుతున్నాడు. అప్పటికి అందులో ఒక స్టీలు పళ్ళెం, రెండు దుప్పట్లు, ఒక తువాలు, ఒక అలారం గడియారం చేరాయి. అలారం అయిదు గంటలకు పెట్టి ఉంది. మధ్యమధ్యలో చేతి కాటాకు సూట్‌కేసును తగిలించి ఎత్తి చూసి, "ఏడు కిలోలు," అని గాలికి చెబుతున్నాడు. నేను కెమిస్ట్రీ పుస్తకం తెరిచి, సున్నాలు ఇరవై మూడే ఉన్నాయా అని సరిచూసుకుంటున్నాను.

అమ్మ సూది ఆగింది.

"పాపా, పూసలది ఇంకో ప్యాకెట్ యాడ పెట్టినావు?"

"ఇంకో ప్యాకెట్టా? ఒకటే గదా తెచ్చింది."

అమ్మ గిన్నెలోకి చూసింది. ముత్యాల గిన్నె సగం నిండుగా ఉంది. పూసల గిన్నె తుడిచినట్టుంది. "ఎన్ని తెచ్చినావు?"

"ఇరవై గ్రాములు. రెండూ సమానంగా."

"సమానమా? దాంట్లో సమానం యాడుండాది మ్మే? ముత్యమెంత, పూసెంత! ఇరవై గ్రాములకు ముత్యాలు ఐదునూర్లు వస్తాయి, పూసలు రెండువేలు వస్తాయి. పూవుకు ఎనిమిది పోతాయి. రెండువేల పూసలకు ఎన్ని పూలయితాయి?"

"రెండు వందల యాభై."

"నాకు మూడునూర్లు గదా కావల్సింది? ఆ మిగిలిన ముత్యాలు ఏం చేసుకోవాల, పులుసు పెట్టుకోవాల్నా?"

నాయన సూట్‌కేసు జిప్పు చాలా శ్రద్ధగా వేస్తూ తీస్తూ ఉన్నాడు. సమానంగా అన్నది ఎవరో ఆయనకు గుర్తొచ్చిందని నాకు అర్థమైంది. నేను చెప్పలేదు. అవసరమైనప్పుడు వాడుకోవచ్చని దాచుకున్నాను.

"ఐదు వందలని నీకెట్లా తెలుసు? లెక్కపెట్టినావా?" అని అడిగాను. మాట మార్చడానికే అడిగాను.

"రెండువేలు లెక్కపెడతా కూర్చోడానికి నాకేం పనిల్యాదా? మూత చూసి పొమ్మని చెప్తి గదా." డబ్బా మూత నా ముందు పెట్టింది. నల్ల మార్కరుతో అమ్మ వంకర అక్షరాలు: ముత్యం నూరు, నాలుగు గ్రాములు. షుగర్ పూస నూరు, ఒక గ్రాము. కింద ఇంకా నాలుగైదు రకాలు. అన్నిటికీ నూరే, పక్కన గ్రాములు మాత్రం వేరు. "ఒకేసారి నూరు లెక్కపెట్టి తూచుకున్నా. ఆ పొద్దు నుంచి మళ్ళా లెక్కపెట్టింది ల్యా. తూచితే తెలుస్తాది ఎన్ని ఉండాయో."

"నూరెందుకు? ఒక్కటి తూచుకుంటే అయిపోతుంది గదా."

నాకంటే తెలివితక్కువ మనిషి ఇంట్లో ఇంకొకరు ఉన్నారేమో అన్నట్టు అమ్మ చుట్టూ చూసింది. తన చిన్న తూకం మిషన్ ముందుకు జరిపి, దాని మీద ఒక ముత్యం పెట్టింది. సున్నా. ముత్యం తీసి ఒక పూస పెట్టింది. సున్నా.

"చూడు. ముత్యమూ సున్నానే, పూసా సున్నానే. అంటే రెండూ ల్యావనా? మిషన్‌కు ఒక్కదాన్ని చూసే కండ్లు ల్యావు. నూరు పెడితే దానికీ తెలుస్తాది, మనకూ తెలుస్తాది."

ఆ మాటకు నాలో ఏదో మెరుపు మెరిసిందని రాయాలి ఇక్కడ. ఏమీ మెరవలేదు. ముందు ఆకలేసింది. ఇడ్లీ తింటూ మూత చూస్తున్నాను, రెండో ఇడ్లీ సగంలో ఉండగా చేయి ఆగిపోయింది. సార్ చెప్పింది ఇదే. అచ్చంగా ఇదే. ఒక్క అణువును పెడితే ప్రపంచంలో ఏ కాటా అయినా సున్నానే చూపిస్తుంది. అందుకే కాటాకు కనపడేంత గుంపును పట్టుకుని దానికి ఒక పేరు పెట్టారు. అమ్మకు నూరు సరిపోయింది, ఎందుకంటే ముత్యం కంటికి కనపడుతుంది. అణువులు మరీ చిన్నవి కాబట్టి వాటికి అన్ని సున్నాలు కావాల్సొచ్చాయి. మోల్ అంటే అణువుల మూత మీద రాసిన నూరు. ఎవరూ కూర్చుని లెక్కపెట్టక్కర్లేదు. లెక్కపెట్టకుండా తెలుసుకోవడానికే అది ఉంది.

చేయి కడుక్కోకుండానే పుస్తకం వెనక మూత రాసుకున్నాను. హైడ్రోజన్ ఒక మోల్, రెండు గ్రాములు. ఆక్సిజన్ ఒక మోల్, ముప్పై రెండు గ్రాములు. అంటే నాలుగు గ్రాముల ఆక్సిజన్ మోల్‌లో ఎనిమిదో వంతు. పూవు లెక్క ప్రకారం ఒక్కో ఆక్సిజన్ అణువుకు రెండు హైడ్రోజన్ అణువులు కావాలి. కాబట్టి పావు మోల్, అంటే అర గ్రాము హైడ్రోజన్ చాలు. వచ్చే నీళ్ళు నాలుగున్నర గ్రాములు. మిగతా మూడున్నర గ్రాముల హైడ్రోజన్ ఏమవుతుంది? అమ్మ గిన్నెలో ముత్యాల్లాగా జతలేక ఊరికే కూర్చుంటుంది. పరీక్షలో నేను ఆ మూడున్నర గ్రాముల్ని కూడా నీళ్ళు చేసేశాను. అంగట్లో కూడా ముత్యాలన్నిటికీ పూసలు సరిపోతాయనే అనుకున్నాను.

"అమ్మా, నీకు మోల్ వచ్చు," అన్నాను.

"మోలో గీలో, నాకు రెండు గంటలకు జాకెట్టు ఇయ్యాల్సుండాది. ఇడ్లీ చేయి గుడ్డకు తగిలితే చంపుతా."

భాయ్‌కి ఫోన్ చేశాం. దానిమ్మ రంగు ఖలాస్ అన్నాడు. కొత్త సరుకు వస్తుందట గానీ ఈ రంగుతో కచ్చితంగా కలవదట. అమ్మ కాసేపు గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత వీపు భాగంలో, మిగిలిన యాభై పూల జాగాల్లో ఒట్టి ముత్యాలు ఒక్కొక్కటే కుట్టేసింది. దూరం నుంచి చూస్తే కావాలని కుట్టినట్టుంది. దగ్గరి నుంచి చూస్తే నా నాలుగు మార్కులు కనిపిస్తాయి.

అత్త రెండు గంటలకు బస్సు దిగి చెమటలు కక్కుకుంటూ వచ్చింది. "మామా అయిదుకల్లా వచ్చెయ్యమనింది వదినా, చూపించు చూపించు," అంటూనే గుడ్డ మీద పడింది. మామా అంటే ఆమె పనిచేసే అరబ్బుల ఇంటి యజమానురాలు. మెడ దగ్గర పూలను వేలితో తడిమి చూసింది.

అమ్మే ముందు చెప్పేసింది. "వెనక యాభై పూలకు పూసలు తక్కువొచ్చినాయి వదినా. ఉత్త ముత్యాలు కుట్టినా. మా పాప పరీక్ష నీ జాకెట్టు మీద రాసింది."

అత్త గుడ్డను తిప్పి చూసి, నన్ను చూసి, పగలబడి నవ్వింది. "వీపెవురు చూస్తారు వదినా? నేనే చూసుకోలేను గదా! ఏం పాపా, పాసయితావా?"

"వీపు వైపు నుంచి చూస్తే పాసే అత్తా."

టీ తాగుతూ అత్త తన గోడు చెప్పుకుంది. పాత పెట్టె జిప్పు ఊడిపోయిందట, తాడు కట్టి పోతుందట, విమానాశ్రయంలో ఎవరేమనుకుంటారో అని బెంగట. అమ్మ కప్పు కింద పెట్టి లేచింది. సోఫా పక్కన నిలబెట్టిన నీలం సూట్‌కేసును పడుకోబెట్టి, పళ్ళెం, దుప్పట్లు, తువాలు, అలారం ఒక్కొక్కటే తీసి సోఫాలో పెట్టింది. ఖాళీ సూట్‌కేసును చక్రాల మీద అత్త వైపు తోసింది.

"ఇది తీసుకుపో వదినా. కొత్తది."

"మ్మే!" అని నాయన లేచాడు. "అది పాప కోసం గదా కొన్యది! ఆదివారం పరీక్షుండాది, ఫెయిలయితే?"

"ఫెయిలయితే ఇంకోటి కొను. అబ్బాసియాలో పెట్టెలకేమన్నా కరువా?"

అంతే. నా వైపు చూడను కూడా లేదు. వెళ్ళి మగ్గం మీద తర్వాతి గుడ్డ బిగించుకోవడం మొదలుపెట్టింది. పాసవుతావులే అనలేదు, నాకు నమ్మకముంది అనలేదు. అలాంటివి అనే మనిషి కాదు. నేను కళ్ళు తుడుచుకున్నాను. ఏసీకి రెక్కలు సరిచేయించాలని నాయనకు ఎన్నిసార్లు చెప్పానో.

నాయన ఓడిపోయినవాడిలా కూర్చుని, అత్తకు తాళం అంకెలు చెప్పాడు. మళ్ళీ లేచి, మొయ్యలేదు పాపం అంటూ సూట్‌కేసు ఎత్తుకుని బస్సు దాకా తోడు పోయాడు. ఖాళీ సూట్‌కేసు అది.

ఆదివారం రీటెస్టులో హైడ్రోజన్ ఉంది గానీ ఆక్సిజన్ లేదు. పద్నాలుగు గ్రాముల నైట్రోజన్, పద్నాలుగు గ్రాముల హైడ్రోజన్, ఎంత అమ్మోనియా? మళ్ళీ సమానం! సార్ నన్ను దృష్టిలో పెట్టుకునే ఇచ్చారని ఇప్పటికీ నా అనుమానం. పేపరు అంచున ముందు పూవు వేసుకున్నాను. ఒక నైట్రోజన్ అణువుకు మూడు హైడ్రోజన్ అణువులు. తర్వాత మూత రాసుకున్నాను. నైట్రోజన్ మోల్ ఇరవై ఎనిమిది, అంటే నా దగ్గరున్నది అర మోల్. దానికి ఒకటిన్నర మోల్ హైడ్రోజన్, అంటే మూడు గ్రాములు. అమ్మోనియా పదిహేడు గ్రాములు. హైడ్రోజన్ పదకొండు గ్రాములు మిగులు. మిగులు కింద రెండు గీతలు గీశాను. మిగిలిన దానికి మర్యాద ఇవ్వాలని ఇప్పుడు నాకు తెలుసు.

మంగళవారం సార్ పేపరు ఇచ్చారు. పదిహేడు మార్కులు. అమ్మోనియా ఎన్ని గ్రాములో అన్ని. అంచున ఉన్న పూవు చుట్టూ ఎర్ర సిరా. "ఇదేంటి?" అని అడిగారు మెల్లగా.

"జాకెట్టు సార్," అన్నాను. ఆయన అర్థమైనట్టు తలూపారు. కేరళలో కూడా జాకెట్లు ఉంటాయి కదా.

ఇంట్లో పేపరు చూసి నాయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని హాలంతా తిరిగాడు. "నాకు ముందే తెలుసు," అన్నాడు. అలారం గడియారం తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాడు. అది మరుసటి రోజు పొద్దున అయిదింటికి మోగి అందరినీ లేపింది. కడప హాస్టల్ నాకు చేసిందంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

ఆ శుక్రవారం అత్త పెళ్ళి ఫోటో పంపింది. జాకెట్టు ముందువైపు దానిమ్మ గింజల్లా మెరుస్తోంది. అమ్మ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, మెడ దగ్గర కుట్టు ఊరి టైలరు పాడుచేశాడని తిట్టింది. తర్వాత గిన్నెలో మిగిలిన ముత్యాలను డబ్బాలో పోయమని నాకిచ్చింది. పోసేముందు మిషన్ మీద పెట్టాను. ఎనిమిది గ్రాములు.

"రెండు వందలు," అన్నాను.

నాయన చదువుతున్న వార్తాపత్రిక మడిచాడు. "లెక్కపెట్టకుండా ఎట్ల చెప్తావు?"

"తూచాను గదా నాయనా. నూటికి నాలుగు."

"అదెట్ల కుదురుతాది, ఒకటీ అరా తేడా రాదా?" అని ముత్యాలన్నీ పళ్ళెంలో పోసుకుని కింద కూర్చున్నాడు. కడపకు పోవాల్సిన స్టీలు పళ్ళెమే. పదేసి పదేసి కుప్పలు పెడుతూ, మధ్యలో నన్ను మాట్లాడొద్దంటూ, ఒకసారి తప్పిపోయి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడుతూ, వేడి టీ చల్లారిపోయేదాకా లెక్కపెట్టాడు.

"నూట తొంభై తొమ్మిది!" అని గెలిచినట్టు అరిచాడు.

అమ్మ సూది ఆపకుండా కాలితో సోఫా కింద నుంచి ఒక ముత్యాన్ని ఆయన వైపు దొర్లించింది.